మావ గుండె కుడివైపున ఉన్న మూడు రోజులు

ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంత, చెప్పేది కొండంత. ఆమదాలవలసలో ఒక చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసే పనిలో కొత్తగా చేరాను. ఒంటి మీద తెల్లకోటు (నాకంటే రెండు సైజులు పెద్దది), చంకలో గుండె బొమ్మలున్న పుస్తకం. రైలు దిగింది మొదలు ఆసుపత్రి దాకా ఎంత ఎండలోనైనా ఆ కోటు విప్పేవాణ్ణి కాదు. దారిలో మావ పనిచేసే ధాన్యం కొట్టు ఉండేది మరి. మావ అంటే మా అమ్మకి అన్న. ఆయన నన్ను కోటులో చూస్తే ఇంటికెళ్లి కూతురు చిట్టితో చెబుతాడని ఆశ. చిట్టి విజయనగరంలో నర్సు చదువుతూ శనివారం శనివారం ప్యాసింజరులో ఇంటికొచ్చేది. ఆ పిల్లని పెళ్లాడాలని నాకు ఎంత కోరికో ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు, చాలా కోరిక. మావని అడిగిస్తే "సూద్దారిలే, ముందు పనిలో నిలబడమను" అన్నాడు. నిలబడటమంటే కోటు వేసుకుని నిలబడటమే అనుకున్నాను నేను.

ఒక గురువారం మా సీనియరు పెళ్లికని వెళ్లాడు. డాక్టరుగారు శనివారం సాయంత్రం దాకా రారు. సరిగ్గా అప్పుడే మావ ఛాతీ రుద్దుకుంటూ వచ్చాడు. "ఒరే, పొద్దున్న పనసకాయ కూర తిన్నకాడ్నించీ గుండెల్లో మంటగున్నాది. నీ మిషనెట్టి ఓపాలి సూడరా" అన్నాడు. అంతవరకూ నేను ఒంటరిగా ఎవరికీ తీసింది లేదు. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, తలవైపు నిలబడి, ఎదురుగా గోడమీద వేలాడుతున్న బొమ్మ చూస్తూ క్లిప్పులు పెట్టడం మొదలెట్టాను. బొమ్మలో ఎర్రది ఎడమపక్కన కనిపించింది, నేనూ నా ఎడమచేతి పక్కనే పెట్టాను. పసుపుపచ్చది కుడిపక్కన. ఛాతీ మీద రబ్బరు బుడ్డీలూ అదే వరస. ఎంత శ్రద్ధగా పెట్టానో చెప్పలేను.

కాగితం బయటికొచ్చింది. గీతలు తలకిందులుగా ఉన్నాయి. సరిగ్గా అలాంటి గీతలే ముందురోజు పుస్తకంలో చూశాను. ఎక్కడో ఒకరికి గుండె కుడివైపున ఉంటుందట, వాళ్ల కాగితం ఇలాగే వస్తుందట. నా చేతిలో తప్పు ఉండొచ్చన్న ఆలోచన దరిదాపుల్లోకి కూడా రాలేదు. "మావా! నీ గుండె కుడిపక్కనున్నాది!" అని అరిచాను. మావ లేచి కూర్చున్నాడు. "ఏటీ? బతుకుతానేట్రా?" "నూరేళ్లు బతుకుతావు. ఇలాటోళ్లు శానా అరుదు మావా." అరుదు అన్న మాట చెవిన పడగానే ఆయన మంట సగం తగ్గిపోయింది.

సాయంత్రానికి ధాన్యం కొట్లన్నీ మావ గురించే మాట్లాడుకున్నాయి. కాటా వేసేవాళ్లు పని ఆపి ఆయన ఛాతీకి చెవి ఆనించి విన్నారు (కొందరికి కుడివైపే వినిపించిందట కూడా). మావ తువ్వాలు కుడిభుజం మీంచి ఎడమభుజం మీదికి మారింది, గుండె మీద బరువు పడకూడదని. అత్త మాత్రం "ఓలమ్మా, ఇన్నేళ్లు కాపరం సేసినాను, నాకు తెల్దే" అని కళ్లొత్తుకుంది. శుక్రవారం సాయంత్రం చర్చి సంఘమంతా మావ ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఎక్కడుండాల్సింది అక్కడెట్టు" అని పాస్టరుగారు వేడుకుంటుంటే, కాబోయే అల్లుడి హోదాలో నేనే ముందు వరసలో కూర్చున్నాను.

శనివారం చిట్టి దిగింది. ఇల్లంతా చుట్టూ చేరి కథ చెబుతుంటే, సంచిలోంచి స్టెతస్కోపు తీసి తండ్రి ఛాతీకి రెండువైపులా పెట్టి వింది. తర్వాత నా వైపు చూసింది. "పద బావా, మళ్లీ తీద్దారి" అంది.

ఆసుపత్రిలో మావ చొక్కా విప్పుతుండగా నన్ను బొమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. "బొమ్మలో మనిషి మనకి ఎదురుగా ఉన్నాడు బావా. ఆడి కుడి మన ఎడమపక్క ఉంటాది. నువ్వు తలకాడ నిలబడి బొమ్మలా పెట్టీసినావు" అంది నెమ్మదిగా. నా మొహం చూసి జాలి కలిగినట్టుంది, గొంతు ఇంకా తగ్గించి, మా ఇద్దరికీ తెలిసిన ధాన్యంతోనే పాఠం చెప్పింది. "గుండెకి నాలుగు గదులు. కుడిపక్క రెండు ధాన్యం కొట్టు. ఒళ్లంతా తిరిగి నల్లబడిన రక్తం అక్కడ దిగుతాది. ఊపిరితిత్తులు మిల్లు. అక్కడ బాగుపడి, ఎడమపక్క రెండు గదుల్లోకి బియ్యంలా వస్తాది. ఆ కింద గది గోడ మందం, ఊరంతటికీ తోలాలి కదా. తలుపులు ఒకవైపే తెరుసుకుంటాయి. మనకి వినపడే సప్పుడు ఆ తలుపులు మూసుకున్న సప్పుడే. గుండె మొనేమో ఎడమకి వాలి ఉంటాది." ఎర్ర క్లిప్పు నా చేతిలో పెట్టి, "తికమకైతే, అన్నం తినే సెయ్యేదని మనిషినే అడుగు బావా. ఎర్రది దానికే" అంది. అంత దగ్గరగా నిలబడి ఆ పిల్ల నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే. నాలుగు గదుల్లో నా రక్తం ఎటు పోతోందో నాకే తెలియలేదు.

కొత్త కాగితం చక్కగా వచ్చింది. చిట్టి నా వైపు తిరిగి, "నేను సెప్పను. నువ్వే సెప్పు" అంది. మావ ఆత్రంగా చూస్తున్నాడు. తప్పు నాదని చెబితే కోటు పోతుంది, పిల్లా పోతుంది అనిపించింది. నోరు తెరిచాను. "మావా, ఎడమకి వచ్చీసింది!" అన్నాను.

మావ రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం" అన్నాడు. చిట్టి స్టెతస్కోపు మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు ఆరాధనలో మావ లేచి సాక్ష్యం చెప్పాడు. కుడివైపున్న గుండె మూడు రోజుల్లో ఎడమకి ఎలా నడిచి వచ్చిందో, ఆ నడక ఆయనకి ఎలా తెలిసిందో చెబుతుంటే కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. అయ్యాక పాస్టరుగారు "ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేవండి" అన్నారు. ఆడవాళ్ల వైపునుంచి చిట్టి తల తిప్పి నన్నే చూసింది. కోపంగా కాదు. ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను పాటల పుస్తకంలో రాని పాట వెతుక్కున్నాను.

ఆ తర్వాత శనివారం ఎదురుపడితే "బాగున్నారా బావగారూ" అంది. ఆ గారు ఒక్కటీ చాలు, నాకు అర్థమైపోయింది. మరుసటేడు చిట్టికి పర్లాకిమిడి సంబంధం కుదిరింది. పెళ్లిలో వడ్డన నేనే చేశాను, తెల్లకోటు లేకుండా.

ఇప్పుడు విజయనగరంలో నేనే సీనియర్ని. మొన్న మావ వచ్చాడు, జుట్టంతా నెరిసింది, గుండెల్లో మంట మాత్రం అదే. పడుకోబెట్టి, ఎర్ర క్లిప్పు పట్టుకుని, అలవాటుకొద్దీ "అన్నం తినే సెయ్యేది మావా?" అన్నాను. ఆయన కుడిచెయ్యి ఇచ్చి నవ్వాడు. "ఇది మా సిట్టి మాట కదరా" అన్నాడు. క్లిప్పులన్నీ పెట్టి మిషను నడుపుతుంటే, ఇన్నేళ్లూ దాచిన మాట బయటికొచ్చింది. "మావా, ఆ రోజు నీ గుండె ఎటూ పోలేదు. నేనే తప్పు పెట్టినాను." మావ కళ్లు మూసుకున్నాడు. "తెలుసురా. సాక్ష్యం సెప్పొచ్చిన ఆదివారమే సిట్టి సెప్పీసింది. సిగ్గుతో నేను వారం రోజులు కొట్టుకెళ్లలేదు. అదేమో 'నాన్నా, బావ వస్తాడు, వచ్చి సెప్తాడు, సూడు' అనీది. ఆ సంబంధం వచ్చినా శాన్నాళ్లు ఒప్పుకోలేదు. నీకోసమే సూసిందిరా."

మిషను గీతలు గీస్తూనే ఉంది. మధ్యలో కొన్ని గీతలు చెదిరాయి, రోగి కదిలితే అలా అవుతుంది. కదిలింది రోగి కాదు, సరిగ్గానే ఉన్న ఎర్ర క్లిప్పుని మళ్లీ సర్దిన నేను. పాటల పుస్తకంలో తల దూర్చిన ఆ కోటు కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. లేచి నిలబడటానికి వాడికి ఎంతసేపు పట్టేది? "ఏటిరా, ఎటున్నాది నా గుండె?" అని మావ అడిగాడు. "ఎక్కడుండాల్సింది అక్కడే ఉన్నాది మావా" అని, కొత్త కాగితం వేసి మళ్లీ మొదటినుంచి తీశాను.