మా తలుపు మీద తుడిచేసిన గుర్తు

మా మనవరాలు సిరికి జబ్బు చేసినప్పుడు డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. జవాబు నాకు తెలుసు, కానీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సిరికి రెండేళ్లు. ఒక ఉదయం నిద్రలేచి, వెలుతురు చూడలేక నా భుజంలో మొహం దాచుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి, ఒళ్లు కాలుతోంది. జలుబే అనుకున్నాం. నాలుగో రోజు చెవుల వెనక దద్దుర్లు లేచి ఒళ్లంతా పాకాయి. ఎగశ్వాస మొదలయ్యాక ఆసుపత్రికి పరుగెత్తాం.

"మీజిల్స్. న్యుమోనియా కూడా ఉంది" అన్నాడు డాక్టరు ఎక్స్‌రే చూసి. "టీకా ఎందుకు వేయించలేదు?"

నా బిడ్డ స్వప్న ఏడ్చింది. "టీకా సిస్టర్లు వచ్చిన రోజు పోరిని చీరల మడత పనికి నేనే తోల్కపోయిన. తప్పు నాదే బాపూ."

నేను నేల చూశాను.

బతుకుదెరువుకు వలస వచ్చి గోడాదరాలో మేమున్న పాత బస్తీని కూల్చే ముందు ఎవరో వచ్చి తలుపుల మీద చాక్‌పీసుతో నంబర్లు వేశారు. ఆ తర్వాత మమ్మల్ని కామ్‌రేజ్ వైపు క్వార్టర్లకు పంపారు. ఇక్కడ మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లే ఎక్కువ. అందుకని టీకా సిస్టర్ మాటలు మైకులో తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు.

"పిల్లలు దొరకని ఇంటికి ఇంటూ గుర్తు పెడతాం, మళ్లీ వస్తాం. తుడవొద్దని చెప్పండి భాయ్" అంది ఆమె హిందీలో.

నేను తారీఖు చెప్పాను, చోటు చెప్పాను. గుర్తు మాట మింగేశాను. అది వింటే మళ్లీ ఇళ్లు కూల్చడానికే అనుకుని జనం తలుపులే తీయరనుకున్నాను. టీకాల రోజు సాయంత్రం మా తలుపు మీదే ఇంటూ కనిపించింది. అదేమిటో తెలిసి కూడా, పాత బస్తీ నంబర్లే గుర్తొచ్చి చేయి ఆగలేదు, తడిగుడ్డతో తుడిచాను. నన్ను చూసి గల్లీ అంతా తుడిచింది. మళ్లీ వచ్చిన సిస్టర్లు ఏ ఇంటి ముందూ ఆగలేదు. నేనే సిరిని టీకా సెంటర్‌కు తీసుకెళ్దామనుకున్నాను. మగ్గాల షిఫ్టులతో రేపు, రేపు అని దాటేశాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్, యాంటీబయాటిక్, విటమిన్ ఎ. మూడో రోజు ఆక్సిజన్ తీసేశారు, సాయంత్రానికి మళ్లీ పెట్టారు. ఆ పూట స్వప్న నా చేయి వదల్లేదు. తొమ్మిదో రోజు సిరి నా చేతిలోని బన్ను లాక్కుని తింది.

"ఇక ఈమె ఇంటికెళ్లే పేషంటే" అని నవ్వాడు డాక్టరు.

ఇప్పుడు సిరి చేతికి చాక్‌పీసు దొరికితే చాలు, గోడలన్నీ గీతలే. నేను తుడవను.

టీకా వాళ్లు తలుపు మీద ఏదైనా రాస్తే తుడవకండి, ఎందుకో అడగండి. మీ చేతికి మైకు వస్తే, జనం దేనికి భయపడతారో ఆ మాటే ముందు విప్పి చెప్పండి.

మొన్న సిస్టర్ మళ్లీ నాకే మైకు ఇచ్చింది. బయల్దేరే ముందు స్వప్న దగ్గర కూర్చున్నాను. "బిడ్డా, తప్పు నీది కాదు. మన తలుపు మీది గుర్తు నేనే తుడిచిన. మాఫ్ చెయ్యి."

ఆమె మడతపెడుతున్న చీర పక్కన పడేసింది.

"ఏంది బాపూ, గిన్ని దినాలు నన్ను ఏడ్వనిచ్చినవా? పో, గదే ముచ్చట మైకుల చెప్పు."

చెప్పాను.