పాలసీసాలో పెట్రోల్

రెండేళ్ల కిందటి వానాకాలంలో మా ఊళ్లో నా మీద ఒక మాట పుట్టింది. నేను పెట్రోల్‌లో నీళ్లు కలుపుతున్నానట.

నకిరేకల్ రోడ్డు దిగి చాలా లోపలికి వస్తే మా ఊరు. దగ్గర్లో పంపు లేదు. అందుకే నా కిరాణా కొట్టు ముందు బల్ల మీద పెట్రోల్ నింపిన సీసాలు పెడతాను. అట్లా అమ్మకూడదంటారు. అనేవాళ్లెవరూ ఆగిపోయిన బండిని పత్తిచేల బురదలో నెట్టుకుంటూ వచ్చినవాళ్లు కారు. ఉత్త పెట్రోల్ మాటే అయితే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ నాకు రెండు బర్రెలున్నాయి. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పాలు పోస్తాను, మా ఇల్లు గడిచేది ఆ పాల మీదే. ఒకరోజు ఒకామె గడపలోనే నన్ను ఆపేసింది.

"ఇయ్యాల్టి సంది వద్దక్కా. పెట్రోల్ల కలిపెటోళ్లు పాలల్ల కలపరా?"

మరునాటికి ఆ వాడలో సగం ఇళ్ల గిన్నెలు బయటికి రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాట పుట్టించింది పాలకేంద్రం నడిపే ఆయన. ఊరి పాలన్నీ తన క్యాన్లలోనే పడాలని ఆయన ఆశ. నేను ఇళ్లకు నేరుగా పోస్తానని ఎప్పటినుంచో గుర్రు. ముసురు పట్టిన రోజుల్లో నా దగ్గర ఒక సీసా కొని బండిలో పోసుకున్నాడు. బండి దారిలో ఆగింది. మెకానిక్ విప్పి చూసి లోపల నీళ్లున్నాయన్నాడు. ఇంకేముంది, ఆయన నోటికి పని దొరికింది.

మా అత్త భయపడిపోయింది. "తడిబట్టలతోని గుళ్లె ప్రమాణం చెయ్యి బిడ్డా. ఊరి నోరు మూతపడ్తది" అంది. మా దగ్గర నింద పడినవాళ్లకు అదే దారి. నెత్తిన నీళ్లు పోసుకుని, ఆ తడి ఆరకముందే దేవుడి ముందు నిలబడి చెప్పాలి.

"నింద ఏసినోడు తడవాలె అత్తా. నేనెందుకు తడుస్త?" అన్నాను.

ఆ మాటైతే అన్నాను గానీ ఏం చెయ్యాలో తెలియదు. ఫోను పట్టుకుని వీడియోల మీద వీడియోలు చూశాను. ఇప్పుడు పంపులో వచ్చే పెట్రోల్‌లోనే ఇథనాల్ కలిసి ఉంటుందని, అది చెరుకుతోనో, మక్కలతోనో, నూకలతోనో తీసే సారా లాంటిదని తెలిసింది. మనిషి తాగితే తప్పు, బండికి తాపితే గొప్ప! ఆ సారాకు నీళ్లంటే మహా ఇష్టం. పెట్రోల్‌లో కొన్ని నీళ్లు పోసి కుదిపితే, అది పెట్రోల్‌ను వదిలేసి అడుగున నీళ్లలో చేరుతుంది. నీళ్ల మట్టం ఎంత పెరిగితే అంత సారా ఉన్నట్టు.

కొలవడానికి గీతలున్న గాజుసీసా కావాలి. నకిరేకల్ మందుల షాపులో చంటిపిల్లల పాలసీసాలు రెండు అడిగాను. షాపతను నా తెల్లవెంట్రుకలు చూసి, "ఎవరికమ్మా?" అన్నాడు. "పెట్రోల్ తాగే పోరనికి" అన్నాను. రెండు సీసాలూ గబగబా పొట్లం కట్టిచ్చాడు.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున, కొట్టు ముందు బల్ల మీదే పరీక్ష పెట్టుకున్నాను. పాలు మానేసిన వాడ వాళ్లందరినీ పిలిచాను. పాలకేంద్రం ఆయన పిలవకుండానే వచ్చాడు. "బీడీలు ఆర్పుండ్రి. నన్ను కాలవెట్టాల్నని వచ్చిండ్రా?" అంటే నలుగురు నవ్వారు.

కింది గీత దాకా నీళ్లు పోశాను. ఆ పైన నా సీసాలోని పెట్రోల్. మూత బిగించి, కుదిపి, నిలబెట్టాను. కాసేపటికి రెండూ విడిపోయాయి. అడుగున నీళ్లు గీతను దాటి ఎంతో పైకి వచ్చి నిలిచాయి.

"సూడుండ్రి! నీళ్లు ఎల్లినయా లేదా? పెట్రోల్‌ల నుంచే ఎల్లినయ్!" అని ఆయన చప్పట్లు కొట్టాడు.

అందరూ నావైపు చూశారు. మట్టం పెరుగుతుందని నాకు తెలుసు. పెరిగిన మట్టాన్ని వాళ్లు ఏమనుకుంటారో మాత్రం ఆలోచించలేదు. నన్ను నేనే పట్టిచ్చుకున్నట్టయింది. మా అత్త కొంగు నోట్లో పెట్టుకుంది.

ఆయన అక్కడితో ఆగి ఉంటే గెలిచేవాడే. ఆగలేదు. "నా బండిల పొద్దుగాలనే పంపుల నింపించిన. దాన్ల నుంచి తియ్యుండ్రి, అసలు పెట్రోల్ ఎట్లుంటదో సూపెడ్త" అని తనే రెండో పాలసీసా అందుకుని బండి పైపు పీకబోయాడు.

"ముందుగాల నీళ్లు నువ్వే పొయ్యే అన్నా, కింది గీత దాకా. కుదుపుడు సుత నువ్వే కుదుపు" అన్నాను.

నీళ్లు పోసి, ఆ పైన నా సీసాలో ఉన్నంతే పెట్రోల్ పట్టి, కుదిపి నా సీసా పక్కన పెట్టాడు. రెండింటిలోనూ నీళ్లు ఒక్క మట్టానికే వచ్చి నిలిచాయి.

రెండు సీసాలూ పైకెత్తి అందరికీ చూపించాను. "పంపోళ్లు సుత నీళ్లు కలిపిండ్రా అన్నా? చెప్పు మరి!" అప్పుడు సారా సంగతి విడమరిచి చెప్పాను. ముసురుకు ఆ సారా గాలిలోని తేమను కూడా లాక్కుంటుందని చెప్పాను. నీళ్లు చేరింది నా సీసాలోనో, ఆయన ట్యాంకులోనో నాకు తెలియదు. నేను పోయలేదు, అంతే. ఆయన బండి తోసుకుంటూ, "అందరూ అందరే పో" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ తోవంతా నా గొంతు ఆయన వెంట పోయింది. ఏమేం తిట్టానో రాస్తే బాగుండదు.

"రేపటి సంది పాలు పొయ్యక్కా" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"నేను రాను. పాలు కావాల్నంటే గిన్నె పట్టుకొని నా గడపకు రాండ్రి."

మా అత్త గిల్లింది. నేను మాట మార్చుకోలేదు.

తెల్లారి మొదట వచ్చింది నన్ను గడపలో ఆపిన ఆమే. తల వంచుకుని గిన్నె చాచింది. కొలత నిండా, నురగ తీసి మరీ పోశాను. మా దగ్గర పాలు కొలిచాక ఇంకో గుక్కెడు కొసరు పోస్తారు. అది పాలవాళ్ల మర్యాద. ఆమె గిన్నె అట్లాగే పట్టుకుని నిలబడింది.

నేను క్యానుకు మూత పెట్టాను.