ఒకే చోట జారిన రెండు కళ్ళు

జపాన్‌లో చేత్తో చేసే మెత్తటి వినైల్ బొమ్మలు పోగేయాలని పోయినేడు నాకు పిచ్చి పట్టింది. మొదటగా ఒకే రకం రాక్షసి బొమ్మలు రెండు తెప్పించుకున్నా. నంద్యాలలో పార్శిల్ తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కి, ఆగలేక సీట్లోనే విప్పినా.

పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడంట. గోళ్ళ సందుల్లో రాతిపొడి ఇంకా పోలేదు.

"ఏందప్పా ఇవి?" అన్నాడు.

"చేత్తో రంగేసిన బొమ్మలు. చూడు, కంటి రంగు కొంచెం కిందికి జారింది. అదే గుర్తు" అని గొప్పగా చెప్పినా. అమ్మినోడు నాకు చెప్పిన మాటే అది.

ఆయన రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినాడు.

"రెండిట్లోనూ అదే కన్ను, అదే తావున, అంతే జారింది. మనిషి చెయ్యి అట్ల తప్పదప్పా. ఇది మిషన్ పని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు సీటోళ్ళు తిరిగి చూస్తాండారు.

"రాళ్ళు కొట్టుకునేటోనికి జపాన్ బొమ్మల గురించి ఏం తెలుసు?" అని అరిచినా.

ఆయన బొమ్మల్ని కాగితంలో జాగ్రత్తగా చుట్టి, నా ఒళ్ళో పెట్టి, ఆళ్లగడ్డ రాంగానే నాకంటే ముందు దిగిపోయినాడు.

ఇంటికి పోయి లైటు కింద చూస్తే ఆయన చెప్పిందే నిజం. అమ్మినోణ్ణి ఫోన్లో నోటికొచ్చినట్లు తిట్టి, రెండూ వాపసు పంపించినా. వాడి మీద కోపం ఆ వారమే చల్లారింది. నా మీద నాకే ఇంకా మండుతాండాది.

ఇప్పుడు నా దగ్గర నిజంగా చేత్తో చేసిన బొమ్మలు పదకొండు ఉండాయి. ఎట్ల కనిపెడతావని ఎవరన్నా అడిగితే, బస్సులో ఒక పెద్దాయన నేర్పించినాడని చెప్తా. ఆయన్ని నేనేమన్నానో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.