అక్క గిల్లిన చోటు

నా చిన్నప్పుడు నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం తెలియదు. ఇప్పుడూ తెలియదనుకోండి, డెబ్బై దాటినా పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి తొంగిచూసే మనిషినే. అలాంటిదాన్ని నమ్మి, ఎనిమిదేళ్ల వయసులో మా తమ్ముడి ప్రాణం నా నోట్లో పెట్టి పంపారు.

ముసురు పట్టిన రోజులు. రెండేళ్ల తమ్ముడికి మూడు రోజులుగా జ్వరం. నాన్న కూలిపనికి ఖరగ్‌పూర్ వెళ్లి ఉన్నాడు. ఆ వానలో పిల్లాణ్ణి బయటికి తీయాలంటే అమ్మకు భయం, వాణ్ణి వదిలి కదలాలన్నా భయమే. నరసన్నపేట డాక్టరుగారికి సంగతంతా చెప్పి మందు తేవాలి. రాసిద్దామంటే అమ్మకూ చదువు రాదు, సాయానికొచ్చిన పక్కింటి అక్కకూ రాదు. ఇంక మిగిలింది నేనే.

అక్క నన్ను అరుగు మీద నిలబెట్టి అన్నీ చెప్పింది. మూడు రోజుల జ్వరం, గొంతులో నీళ్లు దిగడం లేదు, పొద్దుట్నుంచి నాలుగు విరేచనాలు. కిందటిసారి ఇచ్చిన ఎర్ర మాత్రలకు ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు, అవి మళ్లీ ఇవ్వొద్దు. నేను గడగడా అప్పజెప్పాను. ఉన్నట్టుండి అక్క, "పొద్దున్న ఏటి తిన్నావే?" అంది. సోడంబలి అన్నాను, రాగి జావే. "అయితే ఇప్పుడు మళ్లీ సెప్పు." ఇంకేముంది, సగం ఎగిరిపోయింది! అమ్మ మొహం చూసి నాకు ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు సైకాలజీ చదువుతున్న మా మనవరాలు అంటుంది, విన్న మాట మొదట ఓ చిన్న అరలో కాసేపే ఉంటుందట. ఇంకోటి వస్తే అది జారిపోతుందట. దేనికైనా ముడిపడితేనే లోపలికి వెళ్లి నిలుస్తుందట. మా అక్కకు ఈ అరల సంగతి ఎవరు చెప్పారు?

ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం అంది. గొంతు తడిమి నీళ్లంది. పొట్ట నిమిరి విరేచనాలంది. ఎర్ర మాత్రల దగ్గరికొచ్చేసరికి చేతి కండ పట్టుకుని కసిగా గిల్లింది. "ఒసే గుంటా, ఇది మర్సిపోతే నీ తమ్ముడు మనకి దక్కడు" అంది. కెవ్వుమన్నాను. దారంతా ఆమెను తిట్టుకుంటూనే నడిచాను.

డాక్టరుగారి దగ్గర జనం. వరసలో ముందెవరని ఇద్దరు కొట్టుకున్నంత పని చేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. నా వంతు వచ్చేసరికి బుర్రలో ఏమీ లేదు. చెయ్యి నుదుటికి పోయింది, జ్వరం గుర్తొచ్చింది. గొంతు ముట్టుకున్నాను, పొట్ట ముట్టుకున్నాను, చెప్పాను. అయిపోయిందనుకున్నాను. ఆయన కాగితంలో పొట్లం కడుతున్నవి ఎర్రగా ఉన్నాయి. చెయ్యి చురుక్కుమంది. "ఎర్రవొద్దు బాబూ!" అని అరిచేశాను. విషయం విని ఆయన వాటిని పక్కన పెట్టి వేరే మందిచ్చారు. తమ్ముడు నాలుగో రోజుకు లేచి కూర్చున్నాడు.

పెళ్లై పిల్లల తల్లినయ్యాక ఓసారి అక్క కనబడితే ఆ గిల్లుడు గురించి చెప్పాను. "నానేటి, గిల్లడమేటి! నాకు గురుతే నేదు" అని నవ్వేసింది.

ఆ నవ్వు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. పిల్లల మీద నోరు చేసుకోబోయిన ప్రతిసారీ సగంలో ఆగాలని చూస్తాను. ఆగలేని రోజులు చాలానే ఉన్నాయి. ఎవరిని ఏ మాటతో గిల్లానో నాకు గుర్తు లేదు. వాళ్లకు ఉండే ఉంటుంది.