తప్పు పాడిన టీచరమ్మ

మొన్న పుంగనూరులో మా మేనకోడలు టీచరుగా పనిచేసే దివ్యాంగ పిల్లల కేంద్రానికి వెళ్లాను. గోడకు పెద్ద తెర, పక్కన స్పీకరు. మీట నొక్కితే చాలు, ఒక్క అపస్వరం లేకుండా పాట వస్తోంది, పిల్లలు బుద్ధిగా వింటున్నారు. నాకు మాత్రం కుప్పం దగ్గర గుడుపల్లెలో ఒక మల్బరీ రైతు ఇల్లు గుర్తుకొచ్చింది.

మాది మదనపల్లె, అప్పట్లో ఉద్యోగం కుప్పంలో. బడికి రాలేని పిల్లలకు ఇళ్లకే వెళ్లి చదువు చెప్పడం నా పని. ఆ రైతు ఇంట్లో ఎనిమిదేళ్ల పాప ఉండేది. మాట లేదు, మనిషి ముఖం చూడదు, పొద్దస్తమానం గోడవైపు తిరిగి కూర్చునేది. ఇలాంటి పిల్లలను పాటతో దగ్గరికి తీసుకోమని శిక్షణలో చెప్పారు గానీ, నా గొంతు సంగతి వాళ్లకేం తెలుసు? ఇంట్లో నేను హారతి పాట ఎత్తుకుంటే మా అమ్మ గంట గట్టిగా వాయించేది. అయినా నేర్చుకున్న గేయాలన్నీ పాడాను, పాప చెవులు మూసుకునేది. కొన్నాళ్లు చూసి వాళ్ల నాన్న మర్యాదగానే తేల్చేశాడు.

"ఈ నెల సూస్తాం మేడమ్. కాకుంటే యాల మీకీ తిరుగుడు, మాకీ ఆశ?"

నేను వెళ్లడం మానేస్తే ఆ పాప బతుకు ఆ గోడకే అంకితమని నాకు తెలుసు, తల్లికి ఇంకా బాగా తెలుసు.

ఆ ఇంటి అవ్వ పట్టుపురుగులకు ఆకు తరుగుతూ రోజూ ఒకే పాట పాడుకునేది. అప్పుడు పాప చెవులు మూసుకోదని గమనించి, ఇక వేరే దిక్కులేక, ఒకనాడు ఆ పాటే నేనూ ఎత్తుకున్నాను. పైకి వెళ్లాల్సిన చోట నా గొంతు అలవాటుగా కిందికి జారింది. పాప గిర్రున ఇటు తిరిగి, నా ముఖంలోకి చూసి, ఆ ముక్కను కూనిరాగంగా సరిగ్గా తీసి, నేను మళ్లీ పాడేదాకా చూస్తూ కూర్చుంది. మళ్లీ తప్పే పాడాను. ఈసారి కావాలనే అని అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి నాకు వచ్చిందే అంత. మళ్లీ దిద్దింది.

వాకిట్లో ఆకు దులుపుతున్న తల్లి చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఊరంతా నా బిడ్డకు వంకలు పెట్టేటోళ్లే గదమ్మా! ఈ పొద్దు నా బిడ్డ టీచరమ్మకే వంక పెట్టింది సూడు!" అని ఏడుస్తూనే నవ్వింది. నాకైతే ఏడుపే వచ్చింది. తండ్రి ఆ నెల గడువు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆ పాప గలగలా మాట్లాడేసిందని కోతలు కోయను. అవ్వను పిలవడం, అన్నం అడగడం, ఇంకో నాలుగు మాటలు, అంతే వచ్చాయి. ఆ ఇంట్లో వాళ్లకు అదే పండగ. నేను మాత్రం సర్వీసంతా, ఎవరు ఎక్కడ దిద్దుతారా అని కాచుకుంటూ, పిల్లల ముందు ధైర్యంగా తప్పులు పాడాను.

తెర మీద పాట ముగిసింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. మంచిదే, నా గొంతు బాధ ఈ కాలం పిల్లలకు తప్పింది. కానీ పాట సాగినంతసేపూ ఒక్కరూ మా మేనకోడలి ముఖంలోకి చూడలేదు. ఆ పాటలో దిద్దడానికి ఏమీ లేదు మరి.