వియ్యంకుడి వానకోటు

జూలై మూడో వారంలో ఒక మధ్యాహ్నం మా పెద్దమ్మ మయిరంకాన్ తన కొత్త స్లీపింగ్ బ్యాగును పెరట్లో బల్ల మీద పరిచి, మాంసం కోసే కత్తితో మెడ దగ్గర నుంచి పాదాల దాకా చీల్చేసింది. లోపలి నుంచి బాతు ఈకలు రావాలి. పైన కుట్టిన చీటీ మీద బాతు బొమ్మ ఉంది, సున్నాకు పదిహేను డిగ్రీల కింద చలినైనా ఆపుతుందని అంకెలూ ఉన్నాయి. వచ్చినవి మాత్రం ఉండలు కట్టిన నైలాను పీచు, రంగురంగుల గుడ్డ పీలికలు. ఒక పీలిక ఏ పసిపిల్ల పైజామాలోదో, దాని మీద కుందేలు చెవి ఒకటి మిగిలి ఉంది.

పెద్దమ్మ ఆ చెవిని రెండు వేళ్లతో పట్టుకుని నా ముఖం ముందు ఆడించింది.

"చూడవే! చదువుకున్నదానివి కదా, చెప్పు, ఇది బాతా? మంచులో కుందేలు చెవి కప్పుకుని పడుకున్నానే నేను!"

"ముందు ఆ కత్తి కింద పెట్టు పెద్దమ్మా."

"కత్తికింకా పనుంది" అని, కొత్త వీపు సంచిని ముందుకు లాక్కుంది.

మా ఊరు కరకోల్‌లో కొండ దారి పట్టే విదేశీయుల వెంట బరువులు మోసే ఆడవాళ్లు తక్కువ. వాళ్లలో మా పెద్దమ్మ పెద్దది. పదకొండు వేసవులుగా అలా-కోల్ సరస్సు పైనున్న కనుమ మీదుగా వంటగిన్నెలు, గ్యాసు బండలు, ఉల్లిపాయలు, పిండి వీపున వేసుకుని ఎక్కి దిగుతోంది. ఇన్నేళ్లూ మోసింది వాళ్ల నాన్న సైన్యం నుంచి తెచ్చుకున్న కాన్వాసు సంచిలోనే. పట్టీలు పాడైతే గుర్రం జీను తోలు కోసి తానే కుట్టుకుంది. ఆ సంచికి కిరసనాయిలు వాసన, గొర్రె కొవ్వు వాసన. విదేశీయుల సంచులు ఎన్నో దాని కళ్ల ముందే చిరిగి మూలపడ్డాయి.

ఈ వసంతంలో, విదేశీయులను కొండల్లోకి పంపే ఆఫీసు కుర్రాడు ఒకడు ఆ సంచిని కాలితో తట్టి అన్నాడట, "అక్కా, ఇంకా ఈ గోనెసంచేంటి? వాళ్లు నిన్ను ఫోటోలు తీసి నవ్వుకుంటున్నారు. మంచి సరుకు కొనుక్కో, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటాం."

అందుకే మూడు వస్తువులు కొంది. వీపు సంచి, స్లీపింగ్ బ్యాగు, వానకోటు. ఎక్కడ కొనాలన్న ప్రశ్నే లేదు. పెద్దమ్మ కూతురు ఐజిరెక్‌ని కిందటి శరదృతువులో జుమాదిల్ గారి ఇంటికి ఇచ్చారు. ఆయనకు బజారులో కొండ సామాను దుకాణం ఉంది. వియ్యంకుడికి దుకాణం ఉండగా పక్క దుకాణంలో కొంటే ఆయన ముఖాన ఉమ్మినట్టే.

కొన్న రోజు నేనూ ఉన్నాను. ఆయన వేరే గిరాకీలను పంపించేసి టీ, రొట్టె, నూనెలో వేయించిన వేడి బోర్సోక్‌లు తెప్పించాడు. పెద్దమ్మ స్లీపింగ్ బ్యాగును పిడికిట్లో పట్టి నొక్కింది. వదిలింది. మళ్లీ నొక్కింది. నలభై ఏళ్లుగా ఉన్ని దులిపి, తడిపి, నలిపి కంబళ్లు తయారుచేసిన చేతులవి. ఆ నొక్కుడులో ఏదో తేడా వేళ్లకు తెలిసిందని ఆమె ముఖంలో కనిపించింది. కానీ వియ్యంకుడి సరుకు కుట్టు విప్పి చూస్తారా? బేరమాడతారా? ఆ లోపు దుకాణంలో మూల కూర్చున్న జుమాదిల్ గారి తల్లి, ఎనభై ఏళ్ల ముసలామె, దోసిలి పట్టి కొత్త వస్తువులను దీవించింది. అందరం అరచేతులు ముఖం మీదుగా దించుకున్నాం. అంతే, అయిపోయింది. దీవెన పడ్డ వస్తువును దుకాణానికి తిరిగి పట్టుకొచ్చిన వాళ్లను మా ఊళ్లో నేను చూడలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు పెద్దమ్మ తనతో పనిచేసే నలుగురు ఆడవాళ్లను అదే దుకాణానికి తీసుకెళ్లింది. "మా బావగారి దుకాణం. నా మాట మీద కొనుక్కోండి" అంది. కొన్నారు.

మొదటి ప్రయాణంలోనే, కనుమ కింద రాళ్లజారులో, పెద్దమ్మ సంచి పట్టీ కుట్టుతో సహా ఊడొచ్చింది. గిన్నెలు, టీ కెటిల్ గలగలమంటూ సరస్సు వైపు దొర్లిపోయాయి. విదేశీయులు చప్పట్లు కొట్టారట, తమాషా అనుకుని. తర్వాత వాన. వానకోటు జల్లెడలా కారింది. సాయంత్రానికి వాన మంచయింది.

తెల్లారేసరికి సల్కిన్ టీ కప్పు పట్టుకోలేకపోయింది. ఆ నలుగురిలో చిన్నది సల్కిన్, ఇరవై నాలుగేళ్లు, ఐజిరెక్‌తో ఒకే బడిలో చదివింది, ఇంట్లో ఏడాది పిల్లవాడున్నాడు. మూడు వేళ్ల కొసలు కొవ్వొత్తుల్లా తెల్లబడ్డాయి. పెద్దమ్మ తన చొక్కా ఎత్తి ఆ చేతిని తన పొట్టకు ఆనించుకుని గంటసేపు కూర్చుంది. ప్రాణం తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల నొప్పితో కేకలు పెట్టింది. కేకలు తగ్గాక ఒక్క మాట అంది, "నువ్వు చెప్పావనే కొన్నానక్కా."

తిట్టలేదు. తిట్టి ఉంటే పెద్దమ్మ మనసు అంత మండేది కాదు.

తర్వాతి బృందం శనివారం బయలుదేరుతుంది. సొంత సామాను లేనివాళ్లు రానక్కర్లేదని ఆఫీసు వాళ్లు చెప్పేశారు. ఈ సామానుతో వెళ్తే ఈసారి వేళ్లు పోతాయి, వెళ్లకపోతే ఆ నలుగురికి ఈ వేసవి పోతుంది. పెద్దమ్మకు మూడు రోజులున్నాయి.

పెరట్లో కత్తి పని అయ్యాక ఐజిరెక్‌కి ఫోన్ చేసింది. స్పీకరులో నాకూ వినిపించింది.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా, ఇక్కడికొచ్చి ఏమీ అనకు. నేనీ ఇంటికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. రేపు నువ్వు వెళ్లిపోతావు, వాళ్ల మధ్య తిరగాల్సింది నేను."

"సల్కిన్ వేళ్లు చూశావా?"

"మావయ్య గురువారం గొర్రెను కోయిస్తున్నారు" అంది ఐజిరెక్. "నలుగురు గిరాకీలను తెచ్చావని నీకే విందు."

పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వు వినడం కన్నా అరుపు వినడమే నయం.

గురువారం సామానంతా ఆ పాత కాన్వాసు సంచిలో కుక్కి వీపున వేసుకుంది. మిఠాయి, రొట్టెల మూట నేను పట్టుకున్నాను. దారంతా తిడుతూనే ఉంది. బాతును తిట్టింది, ఆఫీసు కుర్రాణ్ణి తిట్టింది, దొంగ చీటీలు కుట్టే చేతులను తిట్టింది. జుమాదిల్ గారి పేరు మాత్రం ఎత్తలేదు.

వియ్యపురాలు బురుల్ గుమ్మంలోనే కౌగిలించుకుంది. "రా వదినా! ఈ మురికి మూటేంటి, బయట పెట్టించనా?"

"వద్దొదినా. లోపల పనుంది దీంతో."

గుమ్మానికి ఎదురుగా ఉండే గౌరవస్థానంలో పెద్దమ్మను కూర్చోబెట్టారు. పక్కన ముసలామె. నేను తలుపు దగ్గర సర్దుకున్నాను. నేల మీద పరిచిన గుడ్డ నిండా రొట్టెలు, ఆప్రికాట్ జాము, పులిసిన గుర్రం పాలు. పళ్లెంలో మాంసం ఆవిర్లు కక్కుతోంది.

"మా వదినగారి చెయ్యి మంచిది" అన్నాడు జుమాదిల్ గారు. "ఒక్క రోజులో నలుగురిని తెచ్చింది! అలాంటి చేతికి మెత్తటి ముక్కే పడాలి."

కోడలు తలకు రుమాలు కట్టుకుని, ముక్కున్న రాగి కూజా, పళ్లెం పట్టుకుని వచ్చింది. భోజనానికి ముందు అందరి చేతుల మీద నీళ్లు పోసేది ఇంటి చిన్న కోడలే. మొదట గౌరవ అతిథికి. ఐజిరెక్ తల్లి ముందు మోకరిల్లింది. తలెత్తలేదు.

పెద్దమ్మ చేతులు చాపలేదు. సంచిలోంచి వానకోటు తీసింది.

"బావగారూ, ఇదొక్కసారి వేసుకోండి."

"నాకెందుకు వదినా, అది మీది కదా."

"మీ ఒంటి మీద ఎలా ఉంటుందో చూద్దామని."

ఆయన సరదా పడ్డాడు. లేచి, చేతులు దూర్చి, గొంతు దాకా జిప్పు లాగి ఒకసారి గిర్రున తిరిగాడు. "ఎలా ఉన్నాను? విదేశీయుడిలా లేనూ?"

"అచ్చం వాళ్లలానే ఉన్నారు. ఐజిరెక్, నా చేతుల మీద వద్దు. మావయ్య భుజం మీద పొయ్యి."

బురుల్ ముందు తేరుకుంది. "అదేం మాటొదినా! కోడలు మామ మీద నీళ్లు పోస్తుందా? ఎక్కడైనా ఉందా?"

"వానకోటేగా వదినా. చుక్క దిగదని చీటీలో రాసుంది. దిగకపోతే మీ దుకాణానికే పేరు. పోయమనండి బావగారూ, భయమెందుకు?"

"భయమేంటి నాకు!" అన్నాడాయన. కానీ చెయ్యి జిప్పు మీదికి పోయింది.

ఐజిరెక్ కదల్లేదు. మామగారికి వీపు చూపించకూడని పిల్ల, ఆయన పేరు నోటితో పలకకూడని పిల్ల. కూజా ముక్కు చివర ఒక చుక్క వేలాడుతోంది. పెద్దమ్మ ఇంకేమీ బతిమాలలేదు. కుడిచేతి మూడు వేళ్లు మడిచి, కూతురి ముందు పెట్టింది. సల్కిన్ చేతిలో ఏ మూడు వేళ్లో, అవే.

ఐజిరెక్ లేచింది. "క్షమించండి మావయ్యా" అని కూజా ఎత్తి, ఎడమ భుజం మీద సన్నటి ధారగా, తొందరపడకుండా, కూజా ఖాళీ అయ్యేదాకా పోసింది.

కోటు అంచు నుంచి నీళ్లు నేల మీద పడ్డాయి, కొన్ని. మిగతావి ఆయన విదిలించి జిప్పు లాగేసరికి కనిపించాయి. లేతనీలం చొక్కా భుజం నుంచి నడుము దాకా నల్లగా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"నేను దీవించింది దీన్నేనా?" అంది ముసలామె.

"అమ్మా, నువ్వూరుకో!" జుమాదిల్ గారు కోటు విప్పి విసిరికొట్టాడు. "నేనేం చెయ్యను? నేనూ మూటలు కట్టినవే కొంటాను. ఒక్కోటీ విప్పి చూస్తానా? నచ్చకపోతే చెవిలో చెప్పొచ్చుగా! నా ఇంట్లో, నా రొట్టె ముందు, నా కోడలి చేత..."

"చెవిలో చెప్తే చెవిలోనే ఉండిపోయేది బావగారూ! సల్కిన్ చెవిలో మీరేం చెప్తారు? ఆ పిల్ల బిడ్డను ఎత్తుకోవాల్సింది ఆ వేళ్లతో!" పెద్దమ్మ కుందేలు చెవి పీలికను తీసి రొట్టెల పక్కన పెట్టింది. "మీరు విప్పి చూడలేదు. నేనూ చూడలేదు. మీరు నా బావగారని నేను చూడలేదు. నా వేళ్లకు తెలిసింది, నేను వేళ్ల నోరు మూశాను. అందుకే నలుగురు నా మాట నమ్మి మంచులో పడుకున్నారు."

పెద్దమ్మ సంచి మూతి బిగించి కట్టింది.

"మీ దుకాణం పై అరలో విదేశీయులు వదిలేసి పోయిన పాత బ్యాగులు, కోట్లు ఉన్నాయి. మీరు వేటకు వెళ్తే అవే తీసుకెళ్తారు, నాకు తెలుసు. నాలుగు బ్యాగులు, నాలుగు కోట్లు. నాకేమీ వద్దు, నాకు మా నాన్న సంచి ఉంది. అవి వచ్చేదాకా నేను చేతులు కడగను."

గౌరవ అతిథి చెయ్యి కడగకపోతే ఆ ఇంట్లో ఎవరూ ముక్క ముట్టకూడదు. జుమాదిల్ గారు తడి చొక్కాతోనే కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. మేం కూర్చున్నాం. మాంసం మీద కొవ్వు తెల్లగా గట్టిపడింది. బురుల్ రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చుంది. ముసలామె మాత్రం ఐజిరెక్‌ని చెయ్యి పట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్నట్టు గదంతా కలియజూస్తూ.

ఆయన తిరిగొచ్చి ఎనిమిది వస్తువులనూ గుమ్మంలో కుప్పగా పడేశాడు. చేతికివ్వలేదు. "తీసుకెళ్లండి. ఇక నా దుకాణం మెట్టెక్కకండి."

"ఎక్కను" అంది పెద్దమ్మ. కానీ తీసుకోలేదు. గుమ్మంలో చతికిలబడి, ఒక్కో కోటునూ వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత ఒక్కో బ్యాగు కుట్టునూ పళ్లతో నాలుగు పోగులు తెంపి, రెండు వేళ్లు లోపలికి దూర్చింది. వియ్యంకుడు నిలబడి చూస్తుండగానే. మొదటిది పక్కన పెట్టింది. రెండోది పక్కన పెట్టింది. మూడోది పిడికిట్లో నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. దాన్ని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

"దీని ఈకలు తడిసి చచ్చాయి. ఇంకోటి తెండి."

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. తల్లి వైపు చూసి, మళ్లీ కారు దగ్గరికి నడిచాడు. పెద్దమ్మ నాలుగోదాని కుట్టు తెంపడం మొదలుపెట్టింది. ఐజిరెక్ లేచి, ఖాళీ కూజాలో మళ్లీ వేణ్నీళ్లు నింపడానికి పొయ్యి దగ్గరికి వెళ్లింది.