చూడని రోజు గాలి

ఈ ఉదయం బాల్కనీ తలుపు తీయగానే పచ్చి బురద వాసన తగిలింది. ప్రగతి నగర్‌లో మా ఫ్లాటు చెరువు వైపే ఉంటుంది. మూడు రోజులుగా మబ్బు కమ్మి ఉంది, ఆకు కదలడం లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, నీళ్ళ మీద ఎక్కడైనా చేప నోరు తేలుతోందేమోనని అరగంట చూశాను. నావి కాని చేపల కోసం డెబ్బై ఆరేళ్ళ వయసులో ఈ గాభరా ఏమిటంటే, ఇది నర్సింలన్న అంటించి పోయినది.

1996 జూన్‌లో కడప నుంచి వచ్చి మాదాపూర్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. అక్కడి చెరువు కట్ట వెనక గది కిరాయికి తీసుకున్నాను. రోజూ తెల్లవారగానే కట్ట మీద నడిచేదాన్ని. ఆ చెరువులో చేపలు పెంచి పట్టుకునే ఐదారుగురికి పెద్ద నర్సింలన్న. అప్పటికే అరవై దాటాడు. పడమటి గాలికి అలలు ఏ ఒడ్డును కొడితే చేప ఆ ఒడ్డుకు మేతకు వస్తుందనీ, ఎండ ముదిరితే లోతుకు దిగుతుందనీ, వాగులో కొత్త నీరు దిగితే దానికి ఎదురెక్కుతుందనీ చెప్పేవాడు. నేను అవన్నీ తేదీలు వేసి నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని.

"ఏంది టీచరమ్మా, రోజు ఏం గీకుతున్నవ్?" అని అడిగాడొకసారి.

"గాలి ఎటు నుంచి వచ్చింది, మబ్బు ఉందా, మీకు ఎన్ని గంపలు పడ్డాయి."

"అంటే నా తలకాయల ఉన్నదంతా కాయితంల పెడుతున్నవన్నట్టు. పెట్టు. రేపు తలకాయ కాలవెడ్తరు, కాయితమన్న ఉంటది."

ఏడాది తిరిగేసరికి అతని మాట కంటే నా పుస్తకం మాటే మిగతావాళ్ళు ఎక్కువ నమ్మసాగారు. నాకది గర్వంగానే ఉండేది.

1998 ఆగస్టు 12, బుధవారం. అప్పటికి మూడు రోజులుగా గాలి లేదు. కట్ట మీద నుంచి కనిపించే గుండ్రటి కొత్త భవనం అద్దాల్లోనూ అదే మబ్బు. ఆరు గంటలకు నేను వెళ్ళేసరికి చెరువు నిండా చేప నోళ్ళు. మబ్బు పట్టి గాలి ఆగితే నీళ్ళలో ఊపిరి చాలదు, అవి పైకొచ్చి గుటకలు వేస్తాయి. అలాగే ఉంటే చస్తాయి. వాళ్ళకు ఏడాది బతుకు ఆ చేపలే.

"ఇప్పుడే వల గుంజుదం, ఉన్నకాడికి దక్కుతయి" అన్నాడు వాళ్ళలో ఒకడైన కొమురయ్య.

"అరచెయ్యంత లేవు, ఇప్పుడు తీస్తే ఏమొస్తది? గాలొస్తే బతుకుతయి" అని నర్సింలన్న నావైపు తిరిగాడు. "టీచరమ్మా, పోయినేడు గీ దినం ఎట్లుండె?"

పేజీ తిప్పి చదివాను. "పొద్దున మబ్బు. పదింటికి పడమటి గాలి."

వలలు కింద పెట్టి కూర్చున్నారు. పదింటి దాకా ఆగుదామనుకున్నారు.

ఎనిమిదిన్నరకు బడికి బయలుదేరాను. సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి. పోయినేడు ఆ రోజు నాకు జ్వరం. చెరువుకు వెళ్ళనే లేదు. పుస్తకంలో గీత ఖాళీగా ఉండటం సహించలేక, మరునాడు కూర్చుని, జ్వరానికి ముందురోజుదే కాస్త మార్చి నింపాను. చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. తొమ్మిదయింది. తూము దగ్గర అప్పటికే తెల్లటి పొట్టలు తేలుతున్నాయి.

"నర్సింలన్నా, ఆ రోజు నేను రాలేదు. ఖాళీ ఉంచడం ఇష్టం లేక రాశాను."

"గాలి రాలేదా మరి?"

"వచ్చిందో లేదో నాకు తెలియదు."

నన్నొకసారి, నీళ్ళనొకసారి చూశాడు. "నాకు గాదు. వాళ్ళకు చెప్పు."

చెప్పాను. "పోరగాళ్ళకు సున్నలు పెడ్తవ్ గద టీచరమ్మా, నీకెవలు పెట్టాలె?" అన్నాడు కొమురయ్య.

"తర్వాత పెడుదువు తియ్. ముందుగాల గెడలు వట్టుండ్రి" అన్నాడు నర్సింలన్న.

ఇద్దరు ఒక వైపు వల లాగారు. మిగతావాళ్ళు తెప్పల మీద వెళ్ళి, గాలి కలిసేలా గెడలతో నీళ్ళను బాదారు. నేను మోకాటి లోతులో నిలబడి బకెట్టుతో నీళ్ళు ఎత్తి పోస్తూనే ఉన్నాను. ఆ రోజు బడికి పోలేదు, రానని చెప్పి పంపనూ లేదు. ఒంటిగంటా నలభైకి మెడ మీద చల్లగా తగిలింది. ముందు నమ్మలేదు. తర్వాత నీళ్ళు ముడతలు పడ్డాయి.

చచ్చినవి పదకొండు గంపలు. కొమురయ్య అన్నప్పుడే వల వేసి ఉంటే ఎన్ని దక్కేవో నేను ఇప్పటికీ లెక్క కట్టలేను.

పుస్తకం చెరువులో పారెయ్యమంటాడనుకున్నాను. నర్సింలన్న తడి చేత్తో దాన్ని నా ముందుకు తోశాడు. "రాయి."

"ఏం రాయను?"

"ఎన్ని చచ్చినయో రాయి. గాలి ఎప్పుడొచ్చిందో రాయి. నువ్వు సూడని దినం సూడలేదని రాయి. ఖాళీ ఉంటే నేను నీళ్ళనడుగుత. నువ్వు నింపితే ఎవర్నడగాలె?"

ఆ తర్వాత కూడా అతను ప్రతి ఉదయం పుస్తకంలో ఏముందో అడిగేవాడు. నేను చదివాక మాత్రం ఒకటే ప్రశ్న, "సూసినవా?" కొమురయ్య రెండేళ్ళ దాకా నాతో మాట్లాడలేదు. నర్సింలన్న పోయి పద్దెనిమిదేళ్ళు.

నిన్న కంటి పరీక్షకు వెళ్ళి పొద్దుపోయి వచ్చాను. పుస్తకంలో నిన్నటి గీత మీద "చూడలేదు" అని ఉంది. దాని కింద ఇవాళ్టిది: "మబ్బు. గాలి లేదు. ఏడూ నలభై." పెన్ను మూత ఇంకా పెట్టలేదు. ఎదురుగా ఉన్న వేప కొమ్మ కదులుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.